మేస్త్రీ విప్పని జీపు

1984 ఆగస్టు 5, ఆదివారం. తిరువళ్లూరు, కడంబత్తూరు పోయే రోడ్డు పక్కన రిపేరు షెడ్డు.

ఉన్నవాళ్లు: మేస్త్రీ, మేస్త్రీ భార్య, మద్రాసు నుంచి వచ్చిన పాత సామాన్ల వ్యాపారి, నేను. సాయంత్రం నాలుగు తర్వాత డ్రైవరు మునిరత్నం.

విషయం: పాత ఫోర్‌వీల్ జీపును బాగుచేసి నిలబెట్టడమా, విప్పి సామాన్లుగా ఇచ్చేయడమా.

తీర్మానం: లేదు.

ఆ రోజు నా డైరీ ఇలా మొదలవుతుంది. ఆఫీసు అలవాటు కొద్దీ మీటింగు రాసుకున్నట్టే రాసుకున్నాను. పోయిన నెల తిరువళ్లూరు బస్టాండులో మేస్త్రీ భార్య కనపడి, ఆయన పోయి నలభై రోజులైందని చెప్పింది. ఇంకేదో చెప్పబోయేంతలో ఆమె బస్సు వచ్చేసింది. ఇంటికి వచ్చి పెట్టెలోంచి పాత డైరీలు తీశాను. వాటిలో ఆయన ప్రస్తావన చాలాచోట్ల ఉంది. పేరు మాత్రం ఒక్కచోటా లేదు. తెలియక కాదు, ఒక కాగితం మీద ఆ పేరు నేనే టైపు చేశాను. ఆ కాగితం సంగతి తర్వాత వస్తుంది. ఆ పేరుతో ఎవరూ ఆయన్ని పిలవగా నేను వినలేదు కాబట్టి ఇక్కడా మేస్త్రీ అనే రాస్తాను.

ఆయన్ని కూర్చుని ఉండగా చూసిన గుర్తు నాకు లేదు. షెడ్డులో ఒక బల్ల ఉండేది, అది వచ్చినవాళ్ల కోసం. ఆయన టీ తాగేది నడుస్తూనే. గ్లాసు ఒక బండి బానెట్ మీద పెట్టి ఇంకో బండి దగ్గరికి పోతాడు, అక్కడ పనిలో పడి మరిచిపోతాడు. తర్వాత ఆ చల్లారిన టీని వెతుక్కుంటూ షెడ్డంతా తిరుగుతాడు. అన్నం కూడా నిలబడే తినేవాడు. గిన్నె ఎడమచేతిలో, కళ్లు ఎదురుగా ఉన్న బండి మీద. "కూర్చుంటే భూమి కుంగతాదా?" అని భార్య అరిచేది. ఆమె గొంతు ఆ రోడ్డు మలుపు దాకా వినపడేది. ఆయన మాత్రం విననట్టే ఉండేవాడు.

వినడం ఆయన వృత్తి. బండి షెడ్డులోకి వస్తే ముందు ఎడమ పక్క నుంచి మూడుసార్లు చుట్టూ తిరుగుతాడు. ఏమీ ముట్టుకోడు. తర్వాత పదిహేడో నంబరు స్పానరు పట్టుకుని బండి కిందికి దూరి, ఛాసీ మీద, అంటే బండి అడుగున ముందు నుంచి వెనక దాకా పోయే రెండు బోలు ఇనుప దూలాల మీద, జానెడుకు ఒక దెబ్బ చొప్పున కొట్టుకుంటూ పోతాడు. గట్టి ఇనుము గంటలా పలుకుతుందనీ, పగిలిన ఇనుము మూగగా ఉంటుందనీ చెప్పేవాడు. నాకెప్పుడూ ఆ తేడా తెలియలేదు. ఆ కాసేపూ షెడ్డులో ఎవరూ మాట్లాడకూడదు. రోడ్డు అవతల టీకొట్టులో రేడియో మోగుతుంటే, మేస్త్రీ కాళ్లు బండి కింద కనపడగానే టీకొట్టతను తనంతట తనే దాన్ని తగ్గించేవాడు.

ఆ చెవి మగ్గం దగ్గర తయారైంది. ఆయనది నేతవాళ్ల ఇల్లు. చిన్నప్పుడు తండ్రి గుంటమగ్గం మీద నేస్తుంటే ఈయన గోడవైపు తిరిగి కూర్చునేవాడట. పోగు తెగితే ఏ పక్క తెగిందో చూడకుండానే చెప్పేవాడట.

"మా నాయనకి చూపు తక్కువ సార్. నా చెవులే ఆయనకి కండ్లు. నేను తప్పు చెప్తే చీరలో గీత పడతాది. నేనుండినన్నాళ్లూ ఒగ గీత పడలే," అన్నాడు ఒకసారి.

మగ్గం నుంచి ఇంకో అలవాటు కూడా తెచ్చుకున్నాడు. విప్పిన సామాన్లను పాత పంచె మీద, ఊడదీసిన వరసలోనే, పడుగు పరిచినట్టు పరిచేవాడు. దాన్ని ఎవరూ దాటకూడదు. తెలియక నేనొకసారి దాటాను. ఆయన నన్నేమీ అనలేదు. మొత్తం సామాన్లు ఎత్తి, పంచె దులిపి, మొదటి నట్టు దగ్గర నుంచి మళ్లీ పరిచాడు. ఆ పని అయ్యేదాకా నేను బల్ల మీద తల వంచుకుని కూర్చున్నాను. అంతకన్నా రెండు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది.

బండి కింద నుంచి బయటికి వచ్చాక ఒకటే మాట. "నిలబెడదాం" అంటాడు, లేకపోతే "విప్పుదాం" అంటాడు. ఎవరి బండికైనా అరగంటకు మించి పట్టేది కాదు. ఆ మాట మీద అప్పీలు లేదు. పెరియపాళయం వైపు నుంచి ఒక పెద్ద రైతు తన తండ్రి కొన్న జీపును ఎడ్లు కట్టించి లాక్కొచ్చాడు. ఎలాగైనా నడిపించాలని అతని ఆశ. మేస్త్రీ కొట్టి చూసి, "విప్పుదాం" అన్నాడు.

"అది మా నాయన బండి మేస్త్రీ," అన్నాడు రైతు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మీ నాయన్ని ఏం జేసినారు?"

"ఏం జేస్తారు? కాల్చినాం."

"ఆయన్నే నిలబెట్టుకోలేనోళ్లు, ఆయన బండిని నిలబెట్టమంటే ఎట్ల?"

రైతు మండిపడి వెళ్లిపోయాడు. వారం తర్వాత తిరిగొచ్చి విప్పించుకున్నాడు. విప్పుతున్నంతసేపూ వచ్చినవాళ్లందరికీ ఆ మాటే చెప్పి తనే నవ్వాడు. మేస్త్రీ మాటకు అంత బలం ఉండేది. తిరువళ్లూరు నుంచి తిరుత్తణి దాకా ఆయన కాదన్న బండిని ఇంకెవరూ ముట్టేవాళ్లు కాదు.

ఇక జీపు సంగతి.

నేను తిరుత్తణిలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాను. తిరువళ్లూరులో ఇల్లు, రోజూ రైలు. వాహనం ఫైలు నా దగ్గరే ఉండేది. వాహనం అంటే ఒకటే, ఈ జీపు. పెట్రోలుది, నాలుగు చక్రాలూ లాగే రకం. మునిరత్నం దాని డ్రైవరు. తిరుత్తణి పక్క పల్లెలో తరాలుగా సేద్యం చేసుకుంటున్న తెలుగు కుటుంబంలోవాడు. తొమ్మిదేళ్లుగా దినకూలీ పద్దు మీదే తోలుతున్నాడు. ఈ ఏడు పర్మనెంటు అవుతుంది అని ఏటేటా అనుకునేవాడు. జీపును ఎంత శుభ్రంగా ఉంచేవాడంటే, మా ఆఫీసరు అందులో ఎక్కేముందు చెప్పులు దులుపుకునేవారు.

ఒక ఏడు దీపావళి నాటి ఐప్పసి నెల వానలకు కుశస్థలి ఏరు పొంగినప్పుడు, అవతలి పల్లెకు మందులు తీసుకుపోతూ జీపు ఏటి నడుమ ఆగిపోయింది. ఒక పగలంతా నీళ్లలోనే ఉంది. మందుల పెట్టెలు నెత్తిన పెట్టుకుని మునిరత్నం ఈదినంత పని చేసి దాటించాడు. తర్వాత ఎడ్లు కట్టి జీపును బయటికి లాగారు. ఎండాక మళ్లీ నడిచింది. కాని కొన్నాళ్లకు, గుంతలో పడినప్పుడల్లా అడుగున ఏదో మొద్దు మోత మొదలైంది. మేస్త్రీని తిరుత్తణికి పిలిపించాం.

ఇది 1980లో జరిగింది. ఆఫీసు ఆవరణలో ఆయన మూడు చుట్లు తిరిగాడు, కిందికి దూరాడు, కొట్టాడు. చాలాసేపు కొట్టాడు. బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటూ, "ఛాసీ లోపల పగిలినాది. విప్పుదాం," అన్నాడు.

అప్పటిదాకా దూరంగా నిలబడిన మునిరత్నం ముందుకొచ్చాడు.

"అన్నా, ఏట్లో నిలిచినప్పుడు దూలం లోపల ఒండుమట్టి చేరిందేమో. ఒగసారి నీళ్లు కొట్టి కడిగి చూడన్నా."

"బండి తోలేది నీ పని. వినేది నా పని," అన్నాడు మేస్త్రీ.

రిపోర్టు నేను టైపు చేశాను, కింద ఆయన పేరుతో సహా. ఛాసీ పగిలింది, మరమ్మతుకు పనికిరాదు. చదివి వినిపిస్తే మేస్త్రీ తలూపి సంతకం పెట్టాడు. ఒండు గురించి మునిరత్నం అన్న మాట అందులో లేదు. రాయమని ఎవరూ చెప్పలేదు, నేనూ రాయలేదు. బండి లేని ఆఫీసుకు డ్రైవరెందుకు? నెల తిరక్కముందే అతని పేరు పద్దులోంచి పోయింది. తాళంచెవి నా టేబుల్ మీద పెట్టి, "సంతకం యాడ పెట్టాల సార్?" అని మాత్రం అడిగాడు. కొన్నాళ్లకు ఒక ఇటుకల లారీకి క్లీనరుగా చేరాడని తెలిసింది. నలభై ఏళ్ల మనిషి, తొమ్మిదేళ్లు స్టీరింగు పట్టిన మనిషి, లారీ వెనక్కి వస్తుంటే పక్కన పరుగెత్తుతూ పలక మీద అరచేత్తో కొట్టి "రైట్, రైట్" అంటుండగా అరక్కోణం రోడ్డులో నేనొకసారి చూశాను. బస్సు కిటికీ నుంచి మొహం తిప్పుకున్నాను.

మరుసటి ఏడు వేలంలో జీపును ఒక అరక్కోణం వ్యాపారి పాడుకున్నాడు. విప్పించడానికి మేస్త్రీ షెడ్డుకే తోయించుకొచ్చాడు. ఆ రోజు నేను అక్కడ లేను. మేస్త్రీ తర్వాత ఒక్కసారే, గోడ వైపు చూస్తూ చెప్పాడు. జాకీలు వేసి ముందుభాగం పైకెత్తేసరికి దూలం వెనక కంతలోంచి ఎండిన ఒండు రాలడం మొదలైందట. గంపెడు రాలిందట. అందులో నత్తగుల్లలు కూడా ఉన్నాయట. రాలడం ఆగాక స్పానరుతో ఒక్క దెబ్బ కొట్టాడు.

"టీకొట్టు రేడియో గట్టిగా పాడతానే ఉండె సార్. అయినా వినిపించినాది. గుళ్లో గంట మాదిరి," అన్నాడు.

ఆ సాయంత్రమే తన మోటార్ సైకిల్‌ను ఆ వ్యాపారికిచ్చి జీపును ఉంచేసుకున్నాడు. దాన్ని షెడ్డు మూలకు తోసి టార్పాలిన్ కప్పాడు. ఆయన ఆలోచన నాకూ, భార్యకూ మాత్రమే చెప్పాడు. జీపును ముందెలా ఉండేదో అచ్చం అలాగే నిలబెట్టాలి. నాలుగు చక్రాలూ లాగాలి. పెయింటు కూడా ఆ పచ్చరంగే. నిలబెట్టాక మునిరత్నాన్ని పిలిచి, తప్పు చెప్పుకుని, తాళంచెవి చేతిలో పెట్టాలి. అతను తిరుత్తణి స్టేషన్ నుంచి పల్లెలకు మనుషుల్ని తోలుకుని బతుకుతాడు. అంతవరకూ అతని కంట పడకూడదు.

మూడేళ్లు అలాగే గడిచాయి. పెట్రోలు ఇంజిన్ సామాను దొరకలేదు. ముందు చక్రాలను తిప్పే గేరులో పళ్లు విరిగాయి, దానికి జోడీ ఎక్కడా లేదు. మద్రాసు పోయి పాత ఇనుము వీధులన్నీ తిరిగి వట్టి చేతులతో వచ్చేవాడు. ఇటుకల లారీ ఆ రోడ్డున పోతున్న చప్పుడు దూరం నుంచే గుర్తుపట్టి షెడ్డు వెనక్కి వెళ్లేవాడు. ఇంకో మార్పు నేను గమనించాను. ఏ బండి వచ్చినా కొట్టి చూసేముందు అడుగు భాగమంతా నీళ్లు కొట్టి కడిగించేవాడు. ఎందుకని ఎవరైనా అడిగితే, "దుమ్ము" అనేవాడు.

1984లో షెడ్డు స్థలం యజమాని అక్కడ అంగళ్లు కట్టాలనుకున్నాడు. ఆగస్టు సగానికి ఖాళీ చేయాలి. మేస్త్రీకి మార్కెట్టు వెనక దొరికిన చోటు రెండు బండ్లకు మించి పట్టదు. కదలని జీపుకు అక్కడ చోటు లేదు. ఆ ఆదివారం మేమంతా చేరింది అందుకు.

తొమ్మిదింటికి వ్యాపారి వచ్చాడు. లావుపాటి మనిషి. కర్చీఫు మెడ వెనక దోపుకుని, తమిళమూ తెలుగూ కలిపేసి మాట్లాడతాడు. టార్పాలిన్ కింద తల పెట్టి చూసి బయటికి వచ్చాడు.

"సుమ్మా, ఊరికే ఎందుకు పెట్టుకోనుండావు మేస్త్రీ దీన్ని? కోడి పొదిగినట్ల పొదగతా ఉండావు. రొండు దారులు. మొత్తం విప్పి ఇచ్చేయ్, ఎత్తుకోని పోతా. లేదంటే ముందు యాక్సిలు, ముందు గేరు మట్టుకు ఇయ్యి. ఫోర్‌వీల్ సామానంటే కొండసీమల్లో ప్రాణం ఇస్తారు, పళ్లు విరిగినా పరవాలేదు. దానికి బదులు నడిచే డీజిల్ ఇంజిన్ ఒగటి ఇస్తా. వెనక చక్రాల మీద జామ్మని పోతాది."

"నాలుగు కాళ్ల జంతువుకి రొండు కాళ్లు కోసి నడిపించమంటావా?"

"మనిషి రొండు కాళ్ల మీదే గదా నడిచేది? నువ్వు పొద్దన్నుంచి నడస్తానే ఉండావు."

మేస్త్రీ నవ్వలేదు. వ్యాపారి గడియారం చూసుకున్నాడు. "రేపు ఆరున్నరకి లారీ వస్తాది. ఇంజిన్ వేసుకోనే వస్తా. ఏదో ఒగటి ఎక్కించుకోకుండా మట్టుకు పోను. ఆలోచించు," అని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత డైరీలో టైములు రాసుకుంటూ పోయాను, వేరే పని లేక. తొమ్మిది నలభై: విప్పుదాం. పది అయిదు: వద్దు, నిలబెడదాం. పదిన్నర: విప్పుదాం. ఒంటిగంట లోపల ఏడుసార్లు మారాడు. టార్పాలిన్ తీసి మడత పెట్టాడు. మళ్లీ విప్పి కప్పాడు. బానెట్ బోల్టులు మూడు ఊడదీసి, పంచె మీద పరిచి, చూసి, వాటినే మళ్లీ బిగించాడు. రోడ్డు దాకా పోయి వెనక్కి వచ్చాడు. నడుమ ఒక రైతు వచ్చి ట్రాక్టరు పంపు చూపించబోతే, "ఈ పొద్దు నా చెవులు పని జెయ్యవు, రేపు రా," అని పంపేశాడు. ఆ మాట ఆయన నోటి నుంచి వస్తుందని నేననుకోలేదు.

"వ్యాపారి చెప్పిన రెండో దారి మంచిదే కదా మేస్త్రీ? బండి నడుస్తుంది. మునిరత్నానికి అంతే కదా కావలసింది," అన్నాను.

ఆయన ఆగి నా వైపు తిరిగాడు.

"సార్, నేను చెడగొట్టింది ఎట్లుండెనో అట్లే తిరిగి ఇయ్యాల. సగం ఇస్తే సగం తప్పు అట్లే మిగిలిపోతాది. కుంటిబండి చేతిలో పెట్టి, ఇదో నీ తొమ్మిదేండ్లు అని చెప్పమంటారా?"

ఒంటిగంటకు భార్య అన్నం తెచ్చింది. గిన్నె ఇస్తూనే మొదలుపెట్టింది.

"ఏమైనాది తీర్పు? ఊరోళ్ల బండ్లకి అరగంట, సొంత బండికి మూడేండ్లు చాల్లేదు. సార్, ఈయన పెండ్లిచూపులకి వచ్చినప్పుడు కూడా మా ఇంటి చుట్టూ మూడు చుట్లు తిరిగినాడు, నన్ను చూసేదానికి ముందు. స్పానరు తేలేదు, నా అదృష్టం."

నాకు నవ్వాగలేదు. మేస్త్రీ గిన్నెలోకి చూస్తూ కలుపుతూనే ఉన్నాడు.

"నాలుగ్గంటలకి వస్తాడు," అంది ఆమె మామూలు గొంతుతో.

"ఎవురు?"

"బండి ఎవురిదో వాడు. తిరుత్తణి బస్సు కండక్టరుకి నిన్ననే చెప్పి పంపించినా. ఆదివారం లారీ లేదంట, వస్తానన్నాడంట."

ఆయన గిన్నె కింద పెట్టేశాడు. "ఇంగా నిలబెట్టనేలేదే! వస్తే ఏం జూపించేది?"

"నోరుండాది గదా. అది తెరిచి చూపించు."

నాలుగూ పదికి మునిరత్నం బస్సు దిగి వచ్చాడు. ఉతికిన చొక్కా. మోచేతుల దాకా ఇటుకల ఎరుపు పోలేదు. నాకు నమస్కారం పెట్టి, మేస్త్రీ వైపు చూసి, "పిలిచినారంట మేస్త్రీ," అన్నాడు. భార్య మంచినీళ్లిచ్చి పక్కకు తప్పుకుంది కాని లోపలికి పోలేదు.

మేస్త్రీ టార్పాలిన్ లాగేశాడు. జీపు చుట్టూ నడవడం మొదలుపెట్టి, నడుస్తూనే చెప్పాడు. బండికి అటువైపు ఉన్నప్పుడు మాట వినపడేది కాదు, ఇటు వచ్చినప్పుడు వినపడేది.

"ఛాసీ పగల్లే... ఒండు... గంపెడు రాలింది... నువ్వు చెప్పినావు, నేను వినలే... నీ పని పొయ్యింది నా మాట మీదే."

"తెలుసు," అన్నాడు మునిరత్నం.

మేస్త్రీ నిలబడిపోయాడు. "ఎట్ల తెలుసు?"

"తొమ్మిదేండ్లు తోలినా గదా మేస్త్రీ. పగిలిన బండి పక్కకి లాగతాది. అది లాగలే. ఆ పొద్దే చెప్పినా."

"నీ కోసరమే పెట్టుకోనుండా దీన్ని. ముందు మాదిరే చేసి ఇయ్యాలని. నాలుగు చక్రాలూ లాగేటట్ల. గేరు మట్టుకు దొరకలే. ఇంగొక్క ఆర్నెల్లు..."

"మూడేండ్ల నుంచి ఇక్కడే ఉండాదా ఇది?"

"ఊ."

మునిరత్నం జీపు దగ్గరికి పోయి స్టీరింగు మీద చెయ్యి పెట్టాడు. వెంటనే తీసేశాడు.

"మూడేండ్లు నేను ఈ రోడ్డునే ఇటుకలు ఎక్కించుకోని పోతా ఉండా మేస్త్రీ. స్టేషన్ నుంచి పల్లెకి పోయేదంతా తారురోడ్డు. దాంట్లో ముందు చక్రాలు లాగేదెందుకు? నాకు కావాల్సింది పొద్దన ఆరుకి స్టేషన్ కాడ నిలబడే బండి. అది రొండు చక్రాల మీద వస్తేనేమి, మూడు చక్రాల మీద వస్తేనేమి?"

"అది ఫోర్‌వీల్ బండిరా. దాన్ని కోసి..."

"ఎవురికి కావాల ఫోర్‌వీలు? నాకా, మీకా?" అతని గొంతు పెరిగింది. "నేను తోలేదాని కోసరం చేస్తా ఉండారా, మీకు నిద్ర పట్టేదాని కోసరం చేస్తా ఉండారా? నిద్ర కోసరమైతే మీరే ఉంచుకోండి. నాకొద్దు."

మేస్త్రీ మమ్మల్ని దాటి, రోడ్డు దాటి, టీకొట్టు పక్క సందులోకి వెళ్లిపోయాడు. మునిరత్నం మిగిలిన నీళ్లు తాగి, గ్లాసు బోర్లించాడు.

"తప్పుగా మాట్లాడినానా అక్కా?"

"నేను మూడేండ్లు చెప్పలేక నోరు పీకినట్లుండె. నువ్వు చెప్పినావు," అంది ఆమె. వ్యాపారి చెప్పిన రెండు దారులూ, పొద్దున రాబోయే లారీ సంగతీ అతనికి చెప్పింది.

"రేపు లారీ వస్తాదంట గదా. ఇంజిన్ దించేదానికైనా, ఇది ఎక్కించేదానికైనా మనిషి కావాల. పొద్దన వస్తా. ఏది దించాలో, ఏది ఎక్కించాలో ఆయన్నే అనుకోమను," అని ఆరింటి బస్సుకు పోయాడు.

మేస్త్రీ చీకటి పడకముందు తిరిగొచ్చాడు. నిలబెడదాం అనలేదు, విప్పుదాం అనలేదు. నేను ఇంటికి వచ్చి, తీర్మానం లేదని రాసుకున్నాను.

మరునాడు సోమవారం. రైలుకు ముందే షెడ్డుకు వెళ్లాను. అప్పటికే లారీ వచ్చి ఉంది. గోనెపట్టాలు చుట్టిన డీజిల్ ఇంజిన్ దాని మీద ఉంది. వ్యాపారి తనతో మద్రాసు నుంచి ఒక ఫిట్టరును కూడా తెచ్చాడు. సోమవారం కాబట్టి షెడ్డు ముందు ట్రాక్టర్ల వాళ్లిద్దరు, రైసుమిల్లు లారీ యజమాని, నిన్నటి పంపు రైతు, అందరూ చేరారు. జీపు ముందుభాగం చెక్కదిమ్మెల మీద ఎత్తి ఉంది. ముందు చక్రాలు ఊడదీసి పక్కన పెట్టారు. కింద మేస్త్రీ కాళ్లు కనపడుతున్నాయి. ముందు యాక్సిలు బోల్టులు ఆయనే విప్పుతున్నాడు.

"ఏమి ఎక్కించేది?" అని వ్యాపారిని అడిగాను మెల్లిగా.

"ముందు యాక్సిలు, గేరు. నేను వచ్చేసరికే సగం విప్పినాడు. నోరు మట్టుకు తెరవలే," అన్నాడు వ్యాపారి.

మునిరత్నం వచ్చి, చొక్కా విప్పి బల్ల మీద పెట్టి, ఇంకో వైపు నుంచి కిందికి దూరాడు. స్పానరు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు మారుతోంది. కాసేపటికి మేస్త్రీ తాడు తేవడానికి బయటికి వచ్చాడు. ఆ చోట్లోకి ఫిట్టరు దూరి, పని చూస్తూ చూస్తూ ఛాసీని వేళ్లతో తట్టి, గట్టిగా నవ్వాడు.

"అయ్యో సామీ! ఇంత గట్టి ఛాసీని పనికిరాదని కండెం చేసిన ముట్టాళ్, తెలివిలేనోడు ఎవుడు?"

వ్యాపారి కూడా నవ్వాడు. "ఎవుడో గవర్నమెంటు మేస్త్రీ. రాత్రి కల్లు తాగి పొద్దన చూసుంటాడు."

ట్రాక్టరు వాళ్లు నవ్వలేదు. వాళ్లకు మేస్త్రీ తెలుసు. ఆ జీపు ఏ ఆఫీసుదో, దాన్ని కాదన్నదెవరో తెలిసినవాళ్లు వాళ్లలో ఒకరైనా ఉంటారు.

మేస్త్రీ తాడు పట్టుకుని నిలబడ్డాడు.

"నేనే," అన్నాడు.

ఫిట్టరు కింద నుంచి తల బయటికి పెట్టాడు. వ్యాపారి నవ్వు ఆగిపోయింది.

"నేనే చెప్పినా. పగల్లేదు, పగిలినాదని చెప్పినా. లోపల ఒండుందని ఈ మునిరత్నం చెప్పినాడు. నేను వినలే. దాంతో వాని పని పొయ్యింది. నాలుగేండ్లు క్లీనరు పని చేసినాడు. నా చెవి మీద నమ్మకం పెట్టి బండి తెచ్చేవాళ్లు ఇది తెలుసుకోనే తీసకరండి."

రైసుమిల్లు యజమాని నేల చూశాడు. పంపు రైతు చేతిలోని తాళంచెవిని ఒక చేతి నుంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. ఆ రిపోర్టు టైపు చేసింది నేనే, మునిరత్నం మాట అందులో రాయనిది నేనే అని చెప్పడానికి నేనూ ఒక అడుగు ముందుకు వేశాను. మాట బయటికి రాలేదు. నా రైలుకు పావుగంట టైముంది.

జీపు కింద నుంచి మునిరత్నం గొంతు వినపడింది.

"అన్నా, అవన్నీ మళ్ల చెప్దువు గానీ, ఆ తాడు ఇట్లియ్యి. యాక్సిలు జారతా ఉండాది, ఒగ్గణ్ణే పట్టుకోనుండా."

మేస్త్రీ వంగి లోపలికి దూరాడు.